కింద నిలబడేదెవరు?

పోయిన వారం మనం సంధ్యారాణిని గోదావరిఖనిలో, ఖాజా క్వార్టరు ముందు వేసిన షామియానా గుంజ పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఎండలోనే నిలబెట్టాం. ఆమె రాకెట్ల మనిషి. సర్కారు ఉపగ్రహాల్లో ఏది ఏ రాకెట్టు మీద, ఎప్పుడు పైకి పోవాలో చూసుకునే ఉద్యోగం. బొగ్గుబాయిలో పనిచేసే రాయమల్లు కూతురు. ఆమె వెతుక్కుంటూ వచ్చింది ఖదీర్‌ని. అతడు ఖాజా కొడుకు, ఇదే కాలనీ బడిలో ఆమె పక్క బెంచీవాడు. ఇప్పుడు ఢిల్లీలో ఉంటూ వానల్నీ తుఫాన్లనీ కనిపెట్టే కొత్త ఉపగ్రహానికి పెద్దదిక్కుగా ఉన్నాడు.

తగాదా ఏమిటో కూడా గుర్తుచేస్తాను, మరిచిపోయినవాళ్ళు సిగ్గుపడనక్కర్లేదు. ఈ సాయంత్రంలోగా ఖదీర్ కమిటీకి ఫోన్ చేసి "నా ఉపగ్రహాన్ని కొత్త రాకెట్టు మీదే పంపండి" అనాలి. అనకపోతే అది పాత రాకెట్లలో మిగిలిన ఆఖరిదాని మీద పోతుంది. పాతది నమ్మకస్తురాలే కానీ అంత బరువు మోయలేదు. కాబట్టి మబ్బుల చాటున ఉన్న వానను పసిగట్టే పరికరాన్ని, అంటే ఉపగ్రహానికి ఉన్న అసలు కంటిని, విప్పి పక్కన పెట్టాలి. కొత్త రాకెట్టు షెడ్డులో పడుకుంటుంది. దానితోపాటు సంధ్యారాణి ఇన్నేళ్ళ కష్టమూ పడుకుంటుంది. ఫోన్ చేస్తే ఈ మహానుభావుడు ఎత్తడు. కన్నతండ్రి రిటైర్మెంటు దావత్‌కు రాకుండా ఎక్కడికి పోతాడులే అని లెక్కేసుకుని, ఆమె రైలెక్కి రామగుండంలో దిగింది.

వచ్చాక చూస్తే షామియానా కింద ఖదీర్ లేడు. పూలదండలతో ఖాజా ఉన్నాడు, ఆయన చుట్టూ సగం షిఫ్టు ఉంది, బగారా అన్నం వాసన కాలనీ చివరి దాకా ఉంది. సంధ్యారాణి ఆ వాసన పట్టుకునే క్వార్టరు వెనక్కి నడిచింది. అక్కడ పొయ్యి మీద పెద్ద దేగిశా, దాని ముందు చొక్కా చేతులు పైకి మడిచిన ఖదీర్. ఢిల్లీ ఆఫీసరుగారు గరిటె పట్టుకుని దాల్చా కలుపుతున్నారు.

"ఫోన్ ఎత్తవేందిరా?" అంది.

ఖదీర్ వెనక్కి తిరగలేదు. గొంతు గుర్తుపట్టాడు మరి. "దాల్చా కలుపుతున్న."

"నెల సంది కలుపుతున్నవా?"

అతడి భుజాలు కదిలాయి. నవ్వు వచ్చింది కానీ బయటికి రానివ్వలేదు. "ఇయ్యాల వద్దు సంధ్యా. మా అబ్బా ఆఖరి డ్యూటీ దిగిండు. ఆయనను నవ్వుకుంట ఉండనియ్యి."

"నేనేమన్న ఏడ్పిస్తనంటున్ననా? ఒక్క ఫోన్ చేసి సరే అను. నేనే వడ్డన చేస్త, గిన్నెలు గూడ కడుగుత."

"అనను."

"ఎందుకనవ్? రెండుసార్లు ఎగిరింది. రెండుసార్లూ పోవాల్సిన దారి ఇంత గూడ తప్పలే. కింది మోటారు మంచిగ మండింది, మీది మోటారు ఇంకా మంచిగ మండింది, మూత విడిపోవుడు చూస్తే..."

"రెండుసార్లూ ఇనుపదిమ్మెలు మోసుకపోయింది. నాది దిమ్మె గాదు."

"మరి ఎన్నేండ్లు దిమ్మెలే పంపాలె? దిమ్మెలకు వాన కనపడతదా?"

"నువ్వు జర నోరు మూస్తే నేనొక మాట చెప్త."

ఇక్కడ సంధ్యారాణి నోరు మూసి ఉంటే ఈ భాగం ఇక్కడే అయిపోయేది, మీరూ నేనూ వేరే పని చూసుకునేవాళ్ళం. మూయలేదు. ఆ రాకెట్టు పేరెత్తితే ఆమెకు ఒళ్ళు తెలియదు. ఇంధనం ఎంత మిగిలిందో, గాలివాటం ఎట్లా తట్టుకుందో మొత్తం ఏకరువు పెట్టింది. ఖదీర్ మొహం ముడుచుకుపోయింది. గరిటె తిప్పడం మాత్రం ఆపలేదు.

ఆ లొల్లి విని ఖదీర్ తల్లి జన్నత్ బీ వచ్చింది. సంధ్యారాణిని చూసి ముందు సంతోషపడి, ఆ తర్వాత ఇద్దర్నీ చూసి కోప్పడింది.

"వచ్చుడు వచ్చుడే కొట్లాటనా బేటీ? ఎట్ల చిక్కిపోయినవ్! ఆడ తిండి పెడ్తలేరా? అరే ఖదీర్, నువ్వు కలిపింది చాలు, అడుగు గీక్కపోతున్నవ్. ఇద్దరు పోయి పెద్దోళ్ళ కాడ కూసోండ్రి."

"చాచీ, వీడు నా మాట వింటలేడు," అంది సంధ్యారాణి, బడిలో చాడీలు చెప్పినట్టే.

"వాడు నా మాట ఎప్పుడు విన్నడని? పాండ్రి."

షామియానా కింద నేల మీద పరిచిన చద్దర్ల మీద భోజనాల బంతి సాగుతోంది. ఖాజా ఆమెను తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆ పక్కనే ఆమె తండ్రి రాయమల్లు, ఆ పక్కన పోశం. ముగ్గురూ ఒకే బాయిలో ఒకే షిఫ్టులో పనిచేసినవాళ్ళు. రాయమల్లు కూతుర్ని చూసి తన విస్తట్లోని మంచి ముక్క తీసి ఆమె విస్తట్లో వేశాడు. వచ్చినందుకు సంతోషం అని నోటితో చెప్పడం ఆయనకు రాదు.

"ఏంది బేటీ, ఎనుక లొల్లి?" అన్నాడు ఖాజా.

"నువ్వే ఫైసలా చెయ్యి చాచా. ఎన్నో ఏండ్ల సంది మా కాడ ఒక పాత రాకెట్టున్నది. దాని జమానా అయిపోయింది. కొత్తది తయారు చేసినం, జోర్దార్‌గ ఉన్నది. రెండుసార్లు పంపి చూసినం. ఇగ సర్కారు ఉపగ్రహాన్ని ఎక్కియ్యాలె. నీ కొడుకు ఎక్కనిస్తలేడు. పాతదే కావాలంటడు. పాతదాని మీద పోవాలంటే వాన చూసే కన్ను తీసెయ్యాలె. కన్ను లేకుంట పైకి పోయి ఏం చేస్తది చాచా? రేపు ఓపెన్‌కాస్టు గనిల నీళ్ళు నిండేదాక ఎవ్వనికి తెల్వదు."

"కన్ను తీసుడు నాకు ఇష్టమా?" అన్నాడు ఖదీర్. అతడి గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఆ కన్ను కోసం నేనెంత తిరిగిన్నో నీకు తెల్వదా? మొత్తం పోవుడు కన్న సగం మిగులుడు నయం గదా అని."

"ఎందుకు పోతది మొత్తం?" అని సంధ్యారాణి మళ్ళీ అందుకోబోయింది.

ఇంతలో పోశం నోట్లో ముద్ద పెట్టుకునే నవ్వడం మొదలుపెట్టాడు. "ఖాజన్నా, గిది మన మ్యాన్‌రైడింగ్ ముచ్చట లెక్కనే ఉన్నది!"

బంతి మొత్తం గొల్లుమంది. రాయమల్లు ఒక్కడే నవ్వలేదు. "తినేటప్పుడు గా ముచ్చట ఎందుకు?" అన్నాడు.

"తినేటప్పుడే చెప్పాలె," అన్నాడు ఖాజా. మెడలోని దండ తీసి పక్కన పెట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన ముచ్చట చెప్పడం మొదలుపెడితే షిఫ్టు సైరను కూడా ఆపలేదని కాలనీలో పేరు.

"ఎనుకట మా బాయిల దిగుడు నడిచే, ఎక్కుడు నడిచే. దిగుడు మంచిగనే ఉంటుండె. డ్యూటీ చేసి ఎక్కుతుంటే మోకాళ్ళు ఖతం. గప్పుడు కంపినోళ్ళు మ్యాన్‌రైడింగ్ తెచ్చిండ్రు. ఒక తాడు గుండ్రంగ తిరుగుతనే ఉంటది. దానికి కుర్సీలు ఏలాడుతయి. ఈడ కూసుంటే సీదా కింద దించుతది. మొదటిరోజు మైసమ్మకు కొబ్బరికాయలు కొట్టినం. ఇంజనీరు సారు ముందుగాల ఇసుక బస్తాలు కూసోబెట్టి పంపిండు. మంచిగ పోయినయి. ఇగ మీరెక్కుండ్రి అన్నడు. ఎవ్వడెక్కుతడు?"

"నేనే అడిగిన," అన్నాడు పోశం ఛాతీ విరుచుకుని. "సారూ, ఇసుక బస్తాకు పెండ్లాం పిల్లలున్నరా? దానికేం ఫికర్ అన్న."

"అడుగుతవ్, నోరున్నది గదా. సారుకు ఏం సమజ్ గాలే. గప్పుడు వీడే ఉపాయం చెప్పిండు. మన సద్దిడబ్బాలు కూసోబెడ్దాం, బువ్వ మంచిగ కిందికి పోతే మనం గూడ పోదాం అన్నడు. అందరు ఒప్పుకున్నరు. ఎవని డబ్బా వాడు కుర్సీకి కట్టిండు. స్విచ్చి కాడ నేనున్న. ముందుగాల రాయమల్లు నడిచి కిందికి దిగాలె, అచ్చిన డబ్బా అచ్చినట్టు ఇప్పి పక్కకు పెట్టాలె, గంట కొట్టాలె. రాయమల్లు దిగిండా అని అడిగిన. దిగే ఉంటడు తియ్యన్నా అన్నరు. నడిపిచ్చిన."

ఖాజా ఆగి నీళ్ళు తాగాడు. కావాలనే తాగాడు, దాహం కాదు.

"డబ్బాలు ఒక్కొక్కటి చీకట్ల కలిసిపోయినయి. అందరు చప్పట్లు. ఎంతసేపు చూసినా కింద నుంచి గంట మోగలే. గంతల ఇవుతల దిక్కు నుంచి ఒక కుర్సీ పైకచ్చింది. సూస్తే పోశం డబ్బా. మూత లేదు, పప్పు లేదు."

"పప్పు కాదు, చాపల పులుసు," అన్నాడు పోశం ఇప్పటికీ బాధగా.

"దాని ఎనుక ఇంకోటి. దాని ఎనుక ఇంకోటి. అన్ని డబ్బాలు మొత్తం బాయి చూసి, మలుపుకాడ తలకిందులై వాపస్ అచ్చినయి. ఇంజనీరు సారు నెత్తి పట్టుకుని 'కింద ఎవరున్నరయ్యా?' అని ఒర్లిండు. గుంపుల ఆఖరు నుంచి మీ నాయిన చెయ్యి లేపి 'నేనే ఉన్న సార్' అన్నడు!"

ఆ మాటకు విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. వడ్డించేవాళ్ళు గిన్నెలు కింద పెట్టి మరీ నవ్వారు. ఎన్నిసార్లు విన్నా వాళ్ళకు అంతే.

"నా డబ్బా పోవుడు చూసి దిగుదామనుకున్న," అన్నాడు రాయమల్లు తలెత్తకుండా. "జర ఆలస్యమైంది. గంతే."

సంధ్యారాణి కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉండగా, ముద్ద పట్టుకున్న కుడి చెయ్యి నోటి దాకా పోకుండా ఆగింది. నవ్వు కూడా ఆగింది. నెమ్మదిగా ఖదీర్ వైపు తిరిగింది. అతడు నవ్వడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"కింద ఎవ్వలు లేరు," అంది.

"లేరు," అన్నాడు ఖదీర్.

"పాతది తీస్కపోయి సముద్రంల మన దీవి మీద సంకేతాలు వినే స్టేషన్‌కు కనపడేకాడనే నీ ఉపగ్రహాన్ని ఇడిచిపెడ్తది. కొత్తది బలమైంది. ఇంకా ముందుకు పోయి ఇడిచిపెడ్తది."

"సముద్రం మీద. ఆడ వినేటోడు ఎవ్వడున్నడు? ఇడిచిపెట్టంగనే నా ఉపగ్రహం రెక్కలు ఇప్పుకోవాలె. ఇప్పుకోకపోతే కింద నుంచి జల్ది హుకుం పంపి ఇప్పియ్యాలె. లేకుంటే ఎండ తగలదు, బ్యాటరీ ఒడుస్తది. గుండ్రంగ తిరిగి మన నెత్తి మీదికి అచ్చేసరికి పోశం కాక డబ్బా లెక్క అస్తది."

"మరి నువ్వు చెప్పలేదేందిరా నాకు?"

"చెప్పలేదా!" ఖదీర్ మొదటిసారి గొంతు పెంచాడు. "ప్రతి మీటింగ్‌ల చెప్పిన. తొలి సంకేతం ఎవరు అందుకుంటరు అని అడిగిన. నువ్వేమన్నవ్? రాకెట్టు బ్రహ్మాండంగ ఉన్నది అన్నవ్. ఫోన్ల అడిగితే మోటారు మంచిగ మండింది అన్నవ్. నీ రాకెట్టు మీద నాకేం అనుమానం లేదు సంధ్యా. అది ఎక్కుతది. నాకు తెలుసు. ఎక్కినంక ఏంది అని నేనడుగుతుంటే, ఎక్కుడు ఎంత బాగుంటదో నువ్వు చెప్తనే ఉన్నవ్. గందుకే ఫోన్ ఎత్తుడు బంద్ చేసిన."

సంధ్యారాణి చెవులు వేడెక్కాయి. ఇన్ని నెలలూ ఇతణ్ని పిరికివాడనుకుంది. మనసులో ఇంకా పెద్ద మాటలే అనుకుంది, అవి ఇక్కడ రాయను. పప్పులో కాలేసింది తనే. సిగ్గేసింది, ఆ వెంటనే చెప్పలేనంత ఊరటగా కూడా అనిపించింది. రాకెట్టు మీద అపనమ్మకం ఉంటే ఆమె ఏమీ చేయలేదు. సముద్రం మీద చెవి లేకపోవడం అంటారా, దానికి మందుంది.

"ఓడ పెడ్దాం," అంది. "ఓడ మీద యాంటెనా ఎక్కిచ్చి, సరిగ్గా అది ఇడిచిపెట్టే జాగ కింద నిలబెడ్దాం. నీ ఉపగ్రహం కండ్లు తెరవంగనే మాట్లాడతం. రెక్క ఇరికితే ఆడికెల్లే హుకుం పంపుతం. ఓడలున్నయి, యాంటెనా ఉన్నది. నేను కూసొని ఖాయం చేపిస్త. నెల చాలు."

ఖదీర్ ముఖంలో వెలుగు కనిపించింది, కానీ ఆఫీసరు కదా, వెంటనే ఒప్పుకుంటే పరువు తక్కువ. "ఓడ మీద ఎవలుంటరు? మళ్ళ ఎవలో ఒకరు దిగే ఉంటరు తియ్ అనుకుంటరు అందరు. అడిగితే పై నుంచి చెయ్యి లేపుతరు."

పోశం గట్టిగా దగ్గాడు. రాయమల్లు విస్తట్లోని అన్నాన్ని చాలా శ్రద్ధగా చూసుకున్నాడు.

అప్పుడు ఖాజా మాట్లాడాడు. ఈసారి నవ్వులాటగా కాదు. "బేటీ, డబ్బాలు వాపస్ అచ్చిన దినం సంది మా బాయిల ఒక్కటే రివాజు. కొత్త మిషన్ ఏదచ్చినా, దాన్ని తెచ్చినోడు మొదటిరోజు మీద నిలబడొద్దు. కిందికి పోయి నిలబడాలె. కింద నుంచి వాడు గంట కొట్టినంకనే మేం స్విచ్చి ఏసేది. ఇంజనీర్లు మారిండ్రు, మేనేజర్లు మారిండ్రు, ఈ రివాజు మారలే. ఈ రాకెట్టు తెచ్చింది ఎవలు?"

బంతిలో అందరూ సంధ్యారాణి వైపు చూశారు. జన్నత్ బీ డబుల్ కా మీఠా గిన్నెతో వచ్చి అక్కడే ఆగిపోయింది.

"నేనే," అంది సంధ్యారాణి. "నేనే పోయి నిలబడ్త చాచా."

"రాకెట్టు లేసుడు కనపడదు నీకు," అన్నాడు ఖదీర్ మెల్లిగా. అతడికి తెలుసు ఆ మాట బరువెంతో. "సముద్రం నడుమ ఏం కనపడదు. చెవులకు పెట్టుకొని కూసోవాలె."

"తెలుసు. నీ ఉపగ్రహం మాట మొదలు వినేది నేనే. మాట ఇస్తున్న."

ఆమె తొందరలో ఎంగిలి చెయ్యే చాచింది. అతడు నవ్వి తన ఎంగిలి చెయ్యే కలిపాడు. జన్నత్ బీ "తోబా తోబా, చేతులు కడుక్కోండ్రి ముందుగాల!" అని కేకేసింది. షామియానా మళ్ళీ గొల్లుమంది.

ఖదీర్ చెయ్యి కడుక్కుని, అవతల నీళ్ళ డ్రమ్ము పక్కకు పోయి కమిటీకి ఫోన్ కలిపాడు. సంధ్యారాణి ఊపిరి బిగబట్టి చూసింది. అతడు "కొత్తదాని మీదే. కన్నుతో సహా. ఒక షరతుంది, ఓడ కావాలి, వివరాలు రేపు చెప్తాను" అనడం ఆమెకు స్పష్టంగా వినపడింది. ఎవరూ చూడకుండా షామియానా గుంజను కావలించుకుంది. అందరూ చూశారు.

"మీఠా పెట్టు చాచీ, ఇంకా ఎక్కువ పెట్టు!"

ఖాజా ఇందాక పక్కన పెట్టిన దండ తీసి ఆమె మెడలో వేశాడు. "ఇనుండ్రి భాయ్! మా బేటీ సముద్రంల నిలబడతది. నాయిన లెక్క పైన నిలబడి డబ్బా చూసుకునేది గాదు!"

రాయమల్లు కూడా ఈసారి నవ్వేశాడు. ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న బరువేదో కూతురు దించినట్టుంది ఆయనకు. కండువాతో ముఖం తుడుచుకుని, తల పైకెత్తి నలుగురి వైపూ చూశాడు.

సంధ్యారాణి ఫోన్ మోగింది అప్పుడే. రాకెట్ల ప్రయోగ కేంద్రంలో పెద్దసారు లింగమూర్తిగారు. ఆ గోలలో ఒక చెవి మూసుకుని ఫోన్ ఎత్తింది.

"శభాష్ సంధ్యారాణీ! ఖదీర్ ఒప్పుకున్నాడని ఇప్పుడే కమిటీ వాళ్ళు చెప్పారు. ఎట్లా ఒప్పించావమ్మా? సరే, అది తర్వాత. ఇంకో శుభవార్త. ఈ ప్రయోగాన్ని నడిపించేది ఎవరని కమిటీ అడిగింది. నీ పేరు చెప్పాను. అందరూ ఒకే మాటగా సరేనన్నారు. కంట్రోలు గదిలో మధ్య కుర్చీ నీదేనమ్మా. వదలండి అని చెప్పేది నువ్వే."

సంధ్యారాణి ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆ గది అద్దం అవతల నిలబడి ఆ కుర్చీని చూసింది. ఆ తర్వాత దాని పక్కనుంచి ఎన్నిసార్లు నడిచినా, ఒక్కసారి కూడా సరదాకైనా అందులో కూర్చోలేదు. కూర్చునే రోజు కూర్చుందామనుకుంది.

"వింటున్నావా? కమిటీ వాళ్ళు లైన్లోనే ఉన్నారు. సరే అను, ఇప్పుడే ఖాయం చేసేస్తారు. నువ్వు కాదంటే ఇంకొకరి పేరు రాసుకుంటారు, మళ్ళీ మార్చరు."

ఖదీర్ చేతులు తుడుచుకుంటూ ఇటే వస్తున్నాడు. ఆమె ముఖం చూసి నడక తగ్గించాడు. ఖాజా ఇంకా ఎవరికో సముద్రం కథ చెబుతున్నాడు. రాయమల్లు మాత్రం విస్తరి ముందు నుంచి లేచి కూతురి దగ్గరికి వచ్చాడు.

"ఎవలు బిడ్డా ఫోన్ల? ఏమంటున్నరు?"

సంధ్యారాణి ఫోన్‌ను గుండెకు ఆనించి పట్టుకుంది. మెడలో ఖాజా వేసిన దండ బరువుగా ఉంది.

"పైననే ఉండుమంటున్నరు బాపు," అంది.